యూరోపా యూనివర్సాలిస్ 4: దక్కన్ నుంచి ఆడేవాళ్లు ధర్మా ఎక్స్‌పాన్షన్ కొనాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. యూరోపా యూనివర్సాలిస్ 4 అనే, రాజ్యాలు ఏలే కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్‌లో అదనపు భాగాలేవీ లేని బేస్ గేమ్‌ని సేల్‌లో కొన్నావు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగావు కాబట్టి గోల్కొండతోనే ఆడాలని కోరిక. 1444 మ్యాప్‌లో గోల్కొండ కనబడకపోయేసరికి బహమనీతో మొదలుపెట్టావు. విజయనగరం మీద వరసగా యుద్ధాలు గెలిచి, దక్షిణాన దొరికిన ప్రావిన్సులన్నీ లాక్కున్నావు. ఆ తర్వాత చుట్టుపక్కల వాళ్లంతా కోఎలిషన్ (నీ మీద ఉమ్మడి కూటమి) కట్టి నీ రాజ్యాన్ని ముక్కలు చేశారు. "ఇండియా మీద వచ్చిన ధర్మా ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి విడిగా కొనుక్కునే అదనపు భాగం) కొంటే ఈ కష్టం తీరుతుందా అన్నా?" అని అడిగావు.

కొనొచ్చు, కానీ ఇవాళే అక్కర్లేదు. నువ్వు ఓడిపోవడానికీ ధర్మా లేకపోవడానికీ సంబంధం లేదు. ఈ గేమ్‌లో దక్కన్ రాజ్యానికి డబ్బు తూర్పు కోస్తాలో ఉంటుంది. నువ్వేమో దక్షిణానికి వెళ్లావు. ఈ ఒక్కటి బుర్రకెక్కితే ధర్మాలో నీకు పనికొచ్చేది ఏదో, పేరుకి గొప్పగా ఉండి నీకు అక్కరకు రానిది ఏదో నీకే తెలిసిపోతుంది.

ముందు గోల్కొండ ఎందుకు లేదో చెప్తాను. గేమ్ మొదలయ్యేది 1444 నవంబర్ 11న. కుతుబ్‌షాహీల రాజ్యం మొదలైంది 1518లో. హైదరాబాద్ నగరం కట్టింది ఇంకా తర్వాత, 1591లో. కాబట్టి 1444లో గోల్కొండ బహమనీల కింద ఉన్న ఒక కోట, అంతే. స్టార్ట్ స్క్రీన్‌లో తేదీని 1518 దాటించి పెడితే గోల్కొండ పేరు మ్యాప్ మీదకి వస్తుంది. సరదాకి ఒకసారి అలా ఆడి చూడు, మంచిదే. కానీ 1444 తప్ప మిగతా తేదీల మీద గేమ్ తయారుచేసిన కంపెనీ అంత శ్రద్ధ పెట్టలేదు. ఐరన్‌మ్యాన్ (పాత సేవ్‌కి వెనక్కి వెళ్లే వీల్లేని మోడ్) అచీవ్‌మెంట్లు కావాలన్నా 1444 నుంచే మొదలుపెట్టాలి. అందుకే బహమనీ ఎంచుకోవడం సరైన పనే. సుల్తాన్ కులీ కూడా బహమనీల కొలువులో తెలంగాణ సుబేదారుగా పనిచేశాకే సొంత రాజ్యం నిలబెట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. 1444లో దక్కన్ పరిస్థితి ఎలా ఉందో ఒకసారి ఊహించుకో. బహమనీల రాజధాని బీదర్. దక్షిణాన విజయనగరంలో రెండో దేవరాయలు. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న రాయచూరు దోఆబ్ కోసం ఈ ఇద్దరూ అప్పటికే తరాల తరబడి కొట్టుకుంటున్నారు. 1443లో కూడా దేవరాయలు దాని కోసం దండెత్తాడు. కోటలు చేతులు మారేవి, మళ్లీ వెనక్కి పోయేవి. ఎవరికీ తేలలేదు. వీళ్లిద్దరూ ఇక్కడ తలపడుతుంటే తూర్పున ఒడిశా రాజు కపిలేంద్ర గజపతి తన పని తాను చేసుకుపోయాడు. 1448 నాటికి రాజమహేంద్రవరం రెడ్ల కథ ముగిసింది. 1454 నాటికి కొండవీడు, 1460లో ఓరుగల్లు గజపతుల చేతికి వెళ్లాయి. గోదావరి నుంచి గుండ్లకమ్మ దాకా, ఆ తర్వాత ఇంకా కిందికి, తీరమంతా ఒడిశా ఏలుబడిలోకి వచ్చింది.

బహమనీలకు ఈ సంగతి మహమూద్ గవాన్ కాలానికి గానీ తలకెక్కలేదు. ఆయన మంత్రిగా ఉండగా, 1470ల్లో, బహమనీ సైన్యాలు రాజమహేంద్రవరం, కొండవీడు దాకా వెళ్లాయి. ఒక పక్క గోవా, ఇంకో పక్క కృష్ణా డెల్టా, రెండు సముద్రాలూ చేతికి అందాయి. ఆ రాజ్యం అంతకు మించి ఎప్పుడూ పెరగలేదు. 1481లో కుట్ర పన్ని గవాన్‌నే చంపించారు, ఆ తర్వాత రాజ్యం ముక్కలైంది. తర్వాత శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు పట్టుకున్నదీ ఈ తీరం కోసమే. గోల్కొండ తర్వాత అంత ధనిక రాజ్యం ఎలా అయింది? మచిలీపట్నం రేవు, కృష్ణా ఒడ్డున కొల్లూరు వజ్రాల గనులు, డెల్టా వరి, నేతగాళ్ల బట్టలు. రాళ్ల మధ్య ఉన్న కోట ఒక్కటే అయితే ఢిల్లీ దృష్టి దాని మీద పడేదే కాదు.

నేను ఇంత చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, ఈ గేమ్‌లో లెక్కలు కూడా దాదాపు ఇలాగే నడుస్తాయి. ట్రేడ్ మ్యాప్ మోడ్ తెరువు. గేమ్ పాజ్‌లోనే ఉండనీ. ముందు నీ రాజధాని ఉన్న నోడ్ (ఒక ప్రాంతపు వ్యాపారమంతా చేరే చోటు) మీద క్లిక్ చెయ్యి, తర్వాత కోరమాండల్ నోడ్ మీద. ఎవరికి ఎంత ట్రేడ్ పవర్ (వ్యాపారం మీద పట్టు) ఉందో శాతాల్లో చూపిస్తుంది, బాణాలు విలువ ఎటు పోతోందో చూపిస్తాయి. భూమి లోపలి నోడ్‌లో పుట్టిన విలువ నువ్వు ఆపుకోగలిగినంత ఆపుకుంటావు, మిగతాది సముద్రం వైపు పోతుంది. అక్కడ పట్టున్నవాడు దాన్ని లాక్కుంటాడు. నువ్వు దక్షిణాన ఆరేడు ప్రావిన్సులు కలుపుకున్నా కోస్తాలో సెంటర్ ఆఫ్ ట్రేడ్ (పెద్ద వర్తక కేంద్రం) ఉన్న ఒక్క ప్రావిన్స్ లేకపోతే నెలసరి ఆదాయంలో పెద్ద తేడా రాదు. వాటిని కోర్ చెయ్యడానికి, అంటే పూర్తిగా నీవిగా చేసుకోవడానికి మాత్రం అడ్మిన్ పాయింట్లు (పాలనకి వాడే పాయింట్లు) కరిగిపోతాయి.

ఇక నీ మీద కోఎలిషన్ ఎందుకు వచ్చిందో చూద్దాం. యుద్ధంలో భూమి తీసుకుంటే పొరుగువాళ్ల లెక్కలో అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ (నీ దురాక్రమణ మీద వాళ్ల కోపానికి కొలత, కొనే ఎక్స్‌పాన్షన్ కాదు) పెరుగుతుంది. నువ్వు ఎవరి భూమి లాక్కున్నావో వాళ్ల మతం వాళ్లకి, వాళ్ల సంస్కృతి వాళ్లకి, దగ్గర్లో ఉన్నవాళ్లకి ఎక్కువ కోపం వస్తుంది. అది 50 దాటితే కోఎలిషన్‌లో చేరే వీలు వాళ్లకి దొరుకుతుంది. మామూలుగా ఏడాదికి 2 చొప్పున తగ్గుతుంది, దూతను పంపి సంబంధాలు మెరుగుపరచుకుంటే నీ మీద వాళ్ల మొత్తం అభిప్రాయం మెరుగవుతుంది. ఈ లెక్కంతా సంధి ఒప్పుకోకముందే కనబడుతుంది. పీస్ స్క్రీన్‌లో ప్రావిన్సులు ఎంచుకున్నాక అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ అంకె మీద మౌస్ పెట్టి ఒక్క క్షణం ఆగు. ఎవరెవరికి ఎంత పెరుగుతుందో జాబితా వస్తుంది. 50కి దగ్గరైనవాళ్లు ఇద్దరు ముగ్గురు కనబడితే ఒక ప్రావిన్స్ వదిలేసి డబ్బు తీసుకో. నా దృష్టిలో ఈ గేమ్‌లో నేర్చుకోవాల్సిన మొదటి అలవాటు అదే, ఏ ఎక్స్‌పాన్షనూ దీన్ని నేర్పదు.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఇలా చెయ్యి. టైమ్ నడిపించకముందే తూర్పు వైపు మ్యాప్ మొత్తం ఒకసారి చూసుకో. ఎవరి చేతిలో కోస్తా ఉంది, వాళ్లకి మిత్రులెవరు, ఎవరితో పడదు, అన్నీ. ఒడిశాతో పడని బలమైన రాజ్యం ఏదైనా పొత్తుకి ఒప్పుకుంటుందేమో చూడు. విజయనగరాన్ని మొదట్లో కదిలించకు, దాని సైన్యంతో తలపడి మ్యాన్‌పవర్ (సైన్యంలో చేర్చుకోగల మనుషుల నిల్వ) ఖర్చు చేసుకోవడం తప్ప నీకు మిగిలేది తక్కువ. ఒడిశా ఇంకో యుద్ధంలో ఇరుక్కుంటుంది, తప్పకుండా ఇరుక్కుంటుంది. అప్పుడు వెళ్లి కోస్తాలో రెండు మూడు ప్రావిన్సులు మాత్రమే తీసుకో. నీతో సంధిలో ఉన్న రాజ్యం ఆ ట్రూస్ ముగిసేదాకా నీ మీద కోఎలిషన్‌లో చేరలేదు. ట్రూస్ అయిదేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా ఉంటుంది, నువ్వు ఎంత తీసుకున్నావో దాన్ని బట్టి. ఆ గ్యాప్‌లో ఉత్తరాన మాళవ వైపో ఖాందేశ్ వైపో చూడు. హిందూ రాజ్యాల కోపం చల్లారేలోపు ముస్లిం రాజ్యాల వైపు, అక్కడ కోపం పెరిగితే మళ్లీ ఇటు. ఒకే దిక్కున వరసగా రెండు పెద్ద సంధులు మాత్రం వద్దు.

ఇంకో మార్గం కూడా ఉంది, చాలామంది వాడరు. నువ్వు గెలిచిన ప్రావిన్స్ మీద చచ్చిపోయిన ఏ రాజ్యానిదైనా కోర్ (ఆ భూమి మీద పాత హక్కు) మిగిలి ఉంటే, ఆ రాజ్యాన్ని సామంత రాజ్యంగా విడుదల చెయ్యొచ్చు. ఆ సామంతుడి పాత కోర్లు ఇంకొకరి చేతిలో ఉంటే రీకాంక్వెస్ట్ (పోయిన భూమిని తిరిగి తీసుకోవడం) కారణంతో యుద్ధానికి వెళ్లొచ్చు. అలా తీసుకున్న భూమికి అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ మామూలులో పావు వంతే పడుతుంది. అడ్మిన్ పాయింట్లు కూడా మిగులుతాయి. తెలుగు నేల మీద చిన్న రాజ్యాలు చాలా పుట్టి పోయాయి కాబట్టి ఇది ఇక్కడ బాగా పనికొస్తుంది.

ఇప్పుడు ధర్మా గురించి. ఇది 2018 సెప్టెంబర్ 6న వచ్చింది. దానితోపాటే 1.26 ప్యాచ్ అందరికీ ఉచితంగా వచ్చింది. మన దేశం మ్యాప్‌ని కొత్తగా గీసి ప్రావిన్సులు పెంచడం, గవర్నమెంట్ రిఫార్మ్స్ పద్ధతి తేవడం, ఇవి ఆ ఉచిత ప్యాచ్‌లోనివి. అంటే నువ్వు కొన్న బేస్ గేమ్‌లోనే ఉన్నాయి. "మ్యాప్ బాగుంటుంది, కొను" అని ఎవరైనా చెప్తే వినకు.

డబ్బు పెడితే వచ్చేవాటిలో పెద్దగా చెప్పుకున్నది ట్రేడ్ కంపెనీ ఇన్వెస్ట్‌మెంట్లు, అంటే దూరదేశంలో గెలిచిన ప్రావిన్సులను వర్తక కంపెనీ కిందపెట్టి అక్కడ పెట్టే పెట్టుబడులు. ఇది దూరం నుంచి వచ్చే ఐరోపా రాజ్యాలకి బ్రహ్మాండమైన సదుపాయం. నీ రాజధాని దక్కన్‌లో ఉన్నంతకాలం ఈ ఉపఖండంలోని నీ ప్రావిన్సులను ట్రేడ్ కంపెనీగా మార్చలేవు, కాబట్టి నీ ఇంట్లో అది నీకు పనికిరాదు. ఇండియా పేరు మీద అమ్మిన ఎక్స్‌పాన్షన్‌లో అన్నిటికన్నా బలమైన సదుపాయం ఇండియాను దోచుకోవడానికి వచ్చినవాళ్ల చేతికి ఇవ్వడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చార్టర్ కంపెనీ కూడా అలాంటిదే. ఐరోపా దేశం ఒకటి వచ్చి నీ కోస్తాలో ఒక ప్రావిన్స్‌ని డబ్బిచ్చి కొనుక్కోవడానికి చూస్తుంది. ఎంత ఇస్తానన్నా ఒప్పుకోవద్దు. మచిలీపట్నంలో డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వర్తకస్థానాలు పెట్టుకున్నారు, కానీ ఆ ఊరు కుతుబ్‌షాహీల చేతిలోనే ఉంది. గోల్కొండ సుల్తాను 1632లో ఇంగ్లీషువాళ్లకి బంగారు ఫర్మానా ఇచ్చింది కూడా వ్యాపారం చేసుకోవడానికే. గేమ్‌లో మాత్రం ప్రావిన్స్ పోతే దాని ట్రేడ్ పవర్ మొత్తం పోతుంది.

నీకు నిజంగా ఉపయోగపడేది సెంటర్ ఆఫ్ ట్రేడ్ అప్‌గ్రేడ్. ధర్మా ఉంటే ఈ కేంద్రాలను మూడు లెవెళ్ల దాకా పెంచొచ్చు. లెవెల్ 2కి 200 డుకాట్లు (గేమ్‌లో డబ్బు), ఆ ప్రావిన్స్‌లో 10 డెవలప్‌మెంట్ (అభివృద్ధి అంకె) కావాలి. లెవెల్ 3కి 1000 డుకాట్లు, 25 డెవలప్‌మెంట్. కోస్తా నీ చేతికి వచ్చాక ఒక రేవుని లెవెల్ 3కి తెచ్చి, కొన్ని లైట్ షిప్స్‌ని (చిన్న ఓడల్ని) ఆ నోడ్‌లో ప్రొటెక్ట్ ట్రేడ్ (వ్యాపారానికి కాపలా) పని మీద పెట్టి చూడు, ఆదాయం ఎలా మారుతుందో నీకే కనబడుతుంది. వెల్త్ ఆఫ్ నేషన్స్ అనే ఇంకో ఎక్స్‌పాన్షన్ ఉంటే ట్రేడ్ రాజధానిని కూడా కోస్తాకి మార్చుకోవచ్చు. అది లేకుండా వేరే నోడ్‌లో మర్చంట్‌ని పెట్టి వసూలు చేయిస్తే ట్రేడ్ పవర్ సగానికి పడిపోతుంది. మర్చంట్లు వాడే ట్రేడ్ పాలసీలు కూడా ధర్మాలోనే వచ్చాయి, పనికొస్తాయి గానీ వాటి కోసమే కొనాల్సినంత ఏమీ లేదు.

తర్వాత మిషన్లు. విజయనగరం, బహమనీ, మొఘలులతో సహా మన రాజ్యాలకు సొంత మిషన్ ట్రీలు (వరసగా సాధించాల్సిన లక్ష్యాలు) ధర్మాలో వచ్చాయి. కొత్తగా ఆడేవాడికి ఇవి చాలా మేలు, ఎటు వెళ్లాలో దారి చూపిస్తాయి, క్లెయిమ్‌లు (యుద్ధానికి కారణమయ్యే, భూమి మీద హక్కులు) ఉచితంగా ఇస్తాయి, గూఢచారిని పెట్టి నెలల తరబడి క్లెయిమ్ తయారుచేసే పని తప్పుతుంది. మొఘలులకైతే ఇతర సంస్కృతులను ఒక్కొక్కటిగా తమలో కలుపుకొని బలపడే ప్రత్యేక ఏర్పాటు ఉంది, దాని కోసమే ధర్మా కొన్నవాళ్లు కూడా ఉన్నారు.

ఎక్స్‌పాన్షన్ ఏదీ సరిచెయ్యని లోపం ఒకటుంది, అది ముందే తెలుసుకో. ఈ గేమ్‌లో ట్రేడ్ బాణాలు అన్నీ చివరికి ఐరోపా వైపే పోతాయి. ఇంగ్లీష్ చానల్, జెనోవా, వెనిస్, ఇవే ఆఖరి మెట్లు. నువ్వు దిశ తిప్పలేవు. అసలు చరిత్రలో ఏం జరిగింది? మచిలీపట్నం చుట్టుపక్కల అద్దిన కలంకారీ బట్టలు పర్షియాకి, ఆగ్నేయాసియాకి ఓడల్లో వెళ్లేవి. బదులుగా వెండి, బంగారం మన రేవుల్లో దిగేవి. ఐరోపావాళ్లు మన దగ్గర కొనడానికి వాళ్ల దగ్గర సరైన సరుకు లేక వెండి మోసుకొచ్చారు. ఆ ప్రవాహం ఈ మ్యాప్ మీద లేదు. దక్కన్ నుంచి ఆడేవాడు దీన్ని తట్టుకోవాలంటే ఒక్కటే దారి, కోస్తా నోడ్‌లో నీ శాతం అంత ఎక్కువగా ఉంచుకోవడం, బయటికి కారిపోయేది తగ్గించడం. మళ్లీ అదే మాట, కోస్తా.

టెక్నాలజీ గురించి కూడా నువ్వు టెన్షన్ పడ్డావు, "1500 దాటాక వెనకబడిపోతున్నా" అని. ఇన్‌స్టిట్యూషన్లు (కాలంతోపాటు పుట్టుకొచ్చే కొత్త భావాలు, పద్ధతులు) దీనికి కారణం. 1450 తర్వాత రినైసాన్స్, 1500 తర్వాత కలోనియలిజం, 1550 తర్వాత ప్రింటింగ్ ప్రెస్, ఇలా ఒక్కొక్కటి వస్తుంది, స్వీకరించకపోతే టెక్నాలజీ ఖర్చు ఏటా పెరుగుతూ పోతుంది. అది నడిచి వచ్చేదాకా ఎదురుచూడకు. ఒక మంచి ప్రావిన్స్ ఎంచుకుని మోనార్క్ పాయింట్లతో (రాజు వల్ల నెలనెలా వచ్చే పాయింట్లతో) వరసగా డెవలప్ చేస్తే ఇన్‌స్టిట్యూషన్ అక్కడే పుడుతుంది. పత్తి పండే, బట్ట తయారయ్యే ప్రావిన్స్‌లో డెవలప్‌మెంట్ 10 శాతం చవక, పొలాలున్న చదును నేల అయితే ఇంకొంచెం చవక. ఆ ప్రావిన్స్‌లోనే సెంటర్ ఆఫ్ ట్రేడ్ ఉంటే ఒకే ఖర్చుతో రెండు పనులు అవుతాయి, పైన చెప్పిన 25 డెవలప్‌మెంట్ కూడా అక్కడే నిండుతుంది. ఇలా డెవలప్ చేసే సదుపాయం మొదట కామన్ సెన్స్ అనే ఎక్స్‌పాన్షన్‌తో వచ్చింది. పాత ఎక్స్‌పాన్షన్లు కొన్నింటిని కంపెనీ తర్వాత బేస్ గేమ్‌లో కలిపేసింది కాబట్టి నీ ప్రావిన్స్ విండోలో ఆ బటన్లు పనిచేస్తున్నాయో లేదో ముందు చూసుకో. పనిచెయ్యకపోతే ధర్మా కన్నా అదే ముందు.

కోటల గురించి ఒక మాట, ఎందుకంటే నువ్వు సీజ్‌లు తొందరగా వదిలేస్తున్నావనిపించింది. నేను లంగర్‌హౌస్‌లో ఉంటాను, గోల్కొండ మా ఇంటి పక్కనే. పెట్లా బురుజు మీద ఫతే రహబర్ ఫిరంగి ఇంకా ఉంది, దాని మీద చెక్కిన అక్షరాలను వేలితో తడమొచ్చు. అంత పెద్ద ఫిరంగులు ఔరంగజేబు దగ్గర ఉన్నా 1687లో కోట ముందు ఎనిమిది నెలలు కూర్చోవాల్సి వచ్చింది. వానలు, తిండి కొరత, రోగాలు ముట్టడి వేసినవాళ్లనే చంపాయి. చివరికి లోపలివాడు తలుపు తీస్తే గానీ కోట దక్కలేదు. గేమ్‌లో కూడా ముట్టడిలో ఒక్కో దశ 30 రోజులు నడుస్తుంది, ఫిరంగులు చాలినన్ని ఉంటే పాచికకి 5 దాకా కలుస్తుంది, నీ సైన్యం అట్రిషన్‌తో (యుద్ధం లేకుండానే జరిగే ప్రాణనష్టంతో) కరుగుతూ ఉంటుంది. కాబట్టి ముట్టడికి కావాల్సినంత సైన్యాన్నే అక్కడ ఉంచు, మిగతాదాన్ని పక్క ప్రావిన్స్‌లో పెట్టు. కొండ నేల మీద దాడి చేసేవాడికి పాచిక 1 తగ్గుతుంది, పర్వతాలైతే 2, నది దాటితే ఇంకో 1. శత్రువు విడిపించడానికి వస్తే ఈ లెక్క చూసుకున్నాకే యుద్ధానికి దిగు.

కొనే పద్ధతి చెప్తాను. అన్ని ఎక్స్‌పాన్షన్లూ కలిపి నెలవారీ సబ్‌స్క్రిప్షన్ ఉంది. సెలవులున్న నెలలో ఒక్క నెల తీసుకుని బహమనీ, విజయనగరం రెండూ ఆడు. నచ్చితే స్టీమ్ సేల్ వచ్చేదాకా ఆగి ధర్మా కొను, పూర్తి ధర పెట్టాల్సిన అవసరం లేదు. లెవయతాన్ అనే ఇంకో ఎక్స్‌పాన్షన్ కొనమని ఎవరైనా అంటే ప్రస్తుతానికి వద్దను. 2021 ఏప్రిల్‌లో అది వచ్చినప్పుడు బగ్గులతో ఎంత చెడ్డ పేరు తెచ్చుకుందో అందరికీ తెలుసు. తర్వాత బాగుచేశారు గానీ నీ ఆటకి అది అవసరం లేదు. ఈ గేమ్ అయిదో భాగం 2025 నవంబర్‌లో వచ్చింది, 1337లో మొదలవుతుంది, అంటే కాకతీయులు పడిపోయి పద్నాలుగేళ్లు, విజయనగరం పుట్టి ఏడాది. తెలుగువాళ్లకి అంతకన్నా మంచి ప్రారంభ తేదీ దొరకదు, నాకూ అదంటే చాలా ఇష్టం. కానీ నువ్వు చెప్పిన లాప్‌టాప్ మీద అది నడవడం కష్టం. నాలుగో భాగం హాయిగా నడుస్తుంది.

హాస్టల్‌లో నలుగురు కలిసి ఆడతామన్నావు కదా, అక్కడ డబ్బు మిగులుతుంది. మల్టీప్లేయర్‌లో హోస్ట్ దగ్గర ఉన్న ఎక్స్‌పాన్షన్లే అందరికీ వర్తిస్తాయి. కాబట్టి ఒక్కడు ధర్మా కొని హోస్ట్ చేస్తే మిగతా ముగ్గురూ బేస్ గేమ్‌తోనే ఆ మిషన్లు, అప్‌గ్రేడ్లు వాడుకోవచ్చు. నలుగురూ వాటా వేసుకోండి. ఒకడు బహమనీ, ఒకడు విజయనగరం తీసుకోండి, మూడోవాడికి ఒడిశా ఇవ్వండి. ఆ ఒడిశా వాడు బాగా ఆడేవాడైతే కోస్తా కోసం జరిగే పోటీ అసలు స్థాయిలో కనబడుతుంది. కొత్త సేవ్‌లో 1460 దాకా వచ్చాక ట్రేడ్ మ్యాప్, లెడ్జర్ (రాజ్యాల లెక్కల పట్టిక) స్క్రీన్‌షాట్లు రెండూ పెట్టు, చూసి తర్వాత ఎటు వెళ్లాలో చెప్తాను.